ఆగని బల్ల

నర్సింహులు ఉస్తాదుకు రెండే గర్వాలు. ఒకటి మీసం, రెండోది తన బల్ల. పొద్దున పని మొదలైందంటే మధ్యాహ్నం డబ్బాలు విప్పే దాకా ఆ బల్ల ఆగదు. మీసాన్ని బొంబాయి కామాటిపురాలో ఎవరూ అంతగా పట్టించుకునేవారు కాదు గానీ, బల్ల పేరు మాత్రం గ్రాంట్ రోడ్ దాకా పాకింది. ఎవరి సరుకు ఆలస్యమైనా నర్సింహులు సరుకు చెప్పిన రోజుకు వస్తుందని అక్కడి స్పేరుపార్టుల దుకాణాలవాళ్ళు ధీమాగా ఉండేవారు.

ఆ బల్ల ఉన్నది తెలుగువాళ్ళుండే వరస గదుల చాళి కింద, శంకర్రావు సేటు గాలాలో. గాలా అంటే అదేదో పెద్ద ఫ్యాక్టరీ అనుకోకండి. రెండు ఖోలీ గదుల మధ్య గోడ పడగొట్టి చేసిన పనిగది, అంతే. మూల ఒక లేతు మిషను, నడుమ పొడుగాటి చెక్క బల్ల, దాని చుట్టూ మనుషులు. వాళ్ళు చేసేవి కార్ల బ్రేకు సిలిండర్లు. డ్రైవరు పెడలు తొక్కగానే ఆయిలు వచ్చి పిడికెడంత ఉండే ఈ ఇనుప గొట్టంలోని పిస్టన్లను తోస్తుంది, ఆ తోపుకే చక్రం ఆగుతుంది. ఆయిలు బయటికి కారకుండా కాపాడేది లోపలుండే రబ్బరు కప్పు. సిలిండరు చేతి నుంచి చేతికి సాగుతూ బల్ల చివరికి చేరేసరికి పూర్తవుతుంది. అక్కడ బుచ్చన్న పంపుతో ఒత్తి చూసి, కారినవాటి మీద సుద్దతో గీత పెట్టి పక్కన పడేస్తాడు. సాయంత్రం తీరిగ్గా వాటిని విప్పి బాగుచేస్తారు.

ఈ పద్ధతి నర్సింహులు కనిపెట్టింది కాదు. మీసాలు కొత్తగా మొలిచే వయసులో ఆయన రేవు పక్కన ఒక అమెరికా కంపెనీ షెడ్డులో పనిచేశాడు. ఓడల్లో పెట్టెలకొద్దీ సామాను వచ్చేది, ఇక్కడ బిగిస్తే కార్లయ్యేవి. మంచమంత బానెట్టు, వెనక చేపతోక లాంటి రెక్కలు, లోపల చాళిలో సగం మంది పట్టేంత చోటు. అక్కడ దొరలు నేర్పిన పాఠం ఒక్కటే. లైను ఆగకూడదు. తప్పు కనపడితే గీత పెట్టి బండిని ముందుకు తొయ్యి, చివర చూసుకునేవాడు చూసుకుంటాడు. షెడ్డు మూతపడి దొరలు ఓడెక్కి వెళ్ళిపోయి ముప్పై ఏళ్ళు దాటినా, నర్సింహులు ఆ పాఠాన్ని పూజగదిలో దీపంలా ఆరిపోకుండా చూసుకుంటూ వచ్చాడు.

ఆ బల్ల దగ్గరికి పంతొమ్మిది వందల ఎనభై ఆరు వానాకాలంలో రాజవ్వ వచ్చి చేరింది. పాలమూరు నుంచి వచ్చి, వర్లిలో కట్టడాల మీద కాంక్రీటు తట్టలు, అదే గమేలాలు, మోసి మోసి మోకాళ్ళు అరిగిన మనిషి. ఇక నిచ్చెనలెక్కడం చేతకాక కూర్చుని చేసే పని కావాలంటే, పక్క ఖోలీ మనిషి కదా అని నర్సింహులే తెచ్చి కూర్చోబెట్టాడు. పిస్టన్ మీద రబ్బరు కప్పు ఎక్కించి గొట్టంలోకి బొటనవేలితో నెట్టడం ఆమె పని. నోట్లో నాలుక లేనట్టు ఉండేది, తలెత్తకుండా చేసుకుపోయేది.

ఒకరోజు ఉన్నట్టుండి రాజవ్వ చెయ్యెత్తి "థాంబ్" అంది.

థాంబ్ అంటే మరాఠీలో ఆగమని. బొంబాయిలో గమేలాలు మోసిన తెలుగు ఇళ్ళలో ఆ మాటకు ఉన్న బలం వేరు. వెదురు పరంజా మీద కింది నుంచి పైదాకా ఆడవాళ్ళు వరసగా నిలబడి, కలిపిన కాంక్రీటు గమేలాలు ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకుంటారు. ఆ వరసలో ఎవరికి ఏ అనుమానం వచ్చినా, కాలు జారినట్టనిపించినా, తాడు సడలినట్టనిపించినా, థాంబ్ అంటారు. అన్న మనిషి నిన్న పనిలో చేరిన పిల్లయినా సరే, వరసంతా ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఎందుకన్నావని ఎవరూ అడగరు. మేస్త్రీ, అదే ముకాదం, వచ్చి చూసి, ఇక కదలమని "చల్" అన్నాకే మళ్ళీ కదులుతుంది. అడుగుతూ కూర్చుంటే కింద ఉన్నవాళ్ళ తలలు పగులుతాయి.

అందుకే రాజవ్వ నోట ఆ మాట రాగానే బల్ల చుట్టూ ఉన్న చేతులన్నీ వాటంతటవే ఆగిపోయాయి. నర్సింహులుకు ఒళ్ళు మండింది. వచ్చి గొట్టం తీసుకుని విప్పి చూశాడు. ఏమీ లేదు. వేలికి ఏదో తగిలినట్టనిపించిందని రాజవ్వ నసిగింది. గొట్టం ఆమె ముందు పెట్టి ఆయన అందరూ వినేలా, ఏ అంతస్తు నుంచి గమేలా పడుతోందమ్మా అని అడిగాడు. బల్లంతా ఘొల్లున నవ్వింది. ఆ సాయంత్రానికి ఆమె పేరు థాంబవ్వ అయింది. చాయ్‌వాలా కూడా గ్లాసు పెడుతూ థాంబవ్వా అని పిలవడం మొదలెట్టాడు. రాజవ్వ ఇక చెయ్యెత్తడం మానేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే శంకర్రావు సేటు కొత్త కారు కొన్నాడు. జపానువాళ్ళ సాయంతో మన దేశంలో చేస్తున్న చిన్న కారు. పేరు రాయించుకుని ఏళ్ళు ఎదురుచూస్తే వచ్చింది. చాళి పిల్లలంతా చుట్టూ మూగారు. నర్సింహులు మాత్రం దాన్నొకసారి ఎగాదిగా చూసి, సబ్బుపెట్టెకు చక్రాలు పెట్టినట్టుందని తేల్చేశాడు. చిన్న కారంటే పెద్దది కొనలేనివాడు కొనుక్కునేదని ఆయన నమ్మకం. కారంటే ఏమిటో తెలియాలంటే మా సైదులు వ్యాగన్ చూడండని మీసం దువ్వాడు.

సైదులు ఆయన అక్క కొడుకు. ఆ ముసలి అమెరికా వ్యాగన్‌ను ఏదో పార్సీ ఇంటి నుంచి కొని, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ జనాన్ని తిప్పుతూ బతుకుతున్నాడు. పాలపిట్ట రంగు బండి. తాగే పెట్రోలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది గానీ, వీధిలోకి వచ్చిందంటే ఏనుగు వచ్చినట్టే ఉండేది.

కొత్త కార్ల కంపెనీకి సిలిండర్లు అమ్మాలని సేటుకు ఆశ పుట్టింది. ఎవరెవరినో పట్టుకుని, ఆ కంపెనీ తరఫున సరుకు చూసి తీసుకునే ఆయన్ని గాలాకు రప్పించాడు. మాటతీరు నెమ్మదైన మరాఠీ మనిషి. సరుకు చూశాడు, బాగుందన్నాడు. తర్వాత బల్ల దగ్గర నిలబడి, ఇక్కడ కూర్చున్నవాళ్ళకు తప్పు కనపడితే పని ఎవరు ఆపుతారని అడిగాడు. నర్సింహులు ఛాతీ విరిచి, ఎవరూ ఆపరు, ఇది ఆగే బల్ల కాదన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మొన్న ఒకామె ఆపిందనీ, దాంతో ఆమెకు కొత్త పేరు పెట్టామనీ చెప్పి నవ్వాడు. వచ్చినాయన నవ్వలేదు. రాజవ్వ వైపు చూస్తే ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆయన చాయ్ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ కబురు రాలేదు.

దసరా దగ్గరపడుతున్న రోజుల్లో పుణెలో బంధువుల ఇంట నిశ్చితార్థం పడింది. చాళిలో సగం మంది సైదులు వ్యాగన్‌లో బయలుదేరారు. నర్సింహులు తల్లి గంగవ్వ కూడా వెళ్ళింది. డెబ్బై దాటినా పిలిచిన ఏ ఇంటికీ వెళ్ళకుండా ఉండని మనిషి. కొండల మీది ఘాటు రోడ్డు కదా అని మేనల్లుడి బండికి నాలుగు చక్రాలకూ కొత్త సిలిండర్లు నర్సింహులే దగ్గరుండి బిగించాడు. తన బల్ల మీద తయారైనవే, తాజా సరుకు. అమ్మ కూర్చునే బండికి ఇంకెవరి సరుకో ఎందుకనుకున్నాడు.

మర్నాడు పొద్దున పని జోరుగా సాగుతుండగా ఒక టాక్సీవాలా విసవిసా లోపలికొచ్చి, చేతిలోని సిలిండరును బల్ల మీద పెట్టాడు. ఇక్కడ చేసిందేనట. హాజీ అలీ దగ్గర పెడలు నేలదాకా దిగిపోతే, ముందున్న చెరుకురసం బండిని గుద్ది ఆగాడట. నర్సింహులు ముందు నమ్మలేదు. విప్పి చూస్తే లోపలంతా ఆయిలు. రబ్బరు కప్పు అంచు కోసినట్టు చీలి ఉంది. గొట్టంలోకి వేలు పెట్టి తడిమాడు. లేతు మీద చెక్కినప్పుడు మిగిలిపోయిన ఇనుప ముల్లు ఒకటి, కంటికి కనపడనంత సన్నగా, చర్మానికి తగిలింది. కప్పు లోపలికి వెళ్ళేటప్పుడే అది రబ్బరును కోసేస్తోంది.

నర్సింహులు బుచ్చన్న మీద ఇంతెత్తున లేచాడు. పాపం బుచ్చన్న ఏం చేస్తాడు. పంపుతో ఒత్తినప్పుడు అన్నీ నిలబడ్డాయని దేవుడి మీద ఒట్టేశాడు. అది నిజమే. చీలిక చిన్నదిగా ఉన్నంతసేపూ ఒత్తిడికి తట్టుకుంటుంది. బండి పరిగెత్తి, బ్రేకులు పడీ పడీ వేడెక్కాక పెద్దదై ఆయిలును వదిలేస్తుంది. చివర చూసుకునేవాడు చూసుకుంటాడనుకున్న తప్పు చివర కనపడనే కనపడదు. నర్సింహులు మెల్లగా తిరిగి, కప్పులు నెట్టే మనిషి వైపు చూశాడు. వేలికి తెలిసేది ఆమె ఒక్కతెకే.

"రాజవ్వా, నీకు తెల్సిందా ఇది?"

"తెల్సిందన్నా. లోపల్నించి గీకినట్టయ్యింది, మస్తు వాటికి."

"మరెందుకు చెప్పలే?"

రాజవ్వ ఒళ్ళో చేతులు పెట్టుకుని, కోపం లేని గొంతుతో చెప్పింది. "ఒకపారి చెప్తె అందరు నవ్విరి గదన్నా. మల్ల నవ్వుతరనుకున్న."

నర్సింహులు చేతిలోని గొట్టాన్ని బల్ల మీద పెట్టాడు. ఇవి ఎప్పటి నుంచి ఇలా వస్తున్నాయని అడిగితే, ఈ మధ్య చెక్కిన సరుకంతా ఇంతేనంది. అంటే సైదులు వ్యాగన్‌కు బిగించిన నాలుగూ ఇవే.

పుణెకు పోవడమంటే ఘాటు ఎక్కడం. ఎక్కుడులో బ్రేకుకు పెద్దగా పని ఉండదు. తిరిగి రావడమే గండం. ఖండాలా నుంచి ఖోపోలీ దాకా మలుపు మీద మలుపు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, కాలు పెడలు మీది నుంచి తీసే వీలుండదు. నిండా జనంతో ఆ ఏనుగులాంటి బండి దిగాలి. ఇవాళ భోజనాలు కాగానే బయలుదేరతామని అమ్మ చెప్పి మరీ వెళ్ళింది. నిశ్చితార్థం ఇంట్లో ఫోను లేదు. పొద్దుటి రైళ్ళు వెళ్ళిపోయాయి.

శంకర్రావు సేటు విషయం వినగానే కారు తాళాలు తీశాడు. ఆ సబ్బుపెట్టెలో నర్సింహులు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

దాదర్ దాటేసరికే ట్రాఫిక్ అడ్డం పడింది. ఎర్ర దీపం పడిన ప్రతిచోటా నర్సింహులు తన కాలితోనే కారును ముందుకు తోస్తున్నట్టు నేలను నొక్కేవాడు. వాశీ వంతెన మీద వాన మొదలైంది. ఇన్నాళ్ళూ ఈ కారు ఎక్కడో ఒకచోట మొరాయిస్తే చూసి నవ్వుదామని మనసులో కోరుకున్న మనిషి, ఇప్పుడు దాన్ని కులదైవంలా మొక్కుతున్నాడు. అది మాత్రం తన పాటికి తాను పోతోంది. తలుపుల్లో గలగల లేదు, ఇంజనులో రొద లేదు, బ్రేకు వేస్తే వేసినచోట నిలబడుతోంది. ఆ సుఖం ఆయనకు ఆ పూట ముల్లులా గుచ్చుకుంది.

పన్వేల్ దాటాక, మాట్లాడకపోతే ఈయన గుండె ఆగేలా ఉందని సేటు కబుర్లలో పడ్డాడు. అమెరికాలోనే ఇప్పుడు జనం పెద్ద బండ్లు వదిలేసి జపాను చిన్న బండ్ల కోసం ఎగబడుతున్నారని చెప్పాడు. నర్సింహులు అది పెట్రోలు మహిమ అన్నాడు. పెట్రోలు ధర మండినప్పుడు జనం చిన్నవాటి వైపు చూసిన మాట నిజమే గానీ, అదొక్కటే అయితే ధర దిగాక మళ్ళీ వెనక్కి పోయేవారు కదా అని సేటు అన్నాడు. అక్కడివాళ్ళు కూడా చిన్న కార్లు చేశారు. కానీ చిన్నదాంట్లో లాభం తక్కువని, అది కొనేది తక్కువవాడని, మనసు పెట్టకుండా చేశారు. కొన్నవాడు ఇంటికి తీసుకెళ్ళాక ఒక్కో తప్పు బయటపడేది. జపాను బండి కొన్నవాడికి ఆ బాధ లేదు, ఒకసారి రుచి మరిగాక వెనక్కి రాలేదు.

"ఇంకో మాట చెప్పాల్నా ఉస్తాద్?" సేటు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు. "మన గాలా చూడొచ్చినాయన పొయ్యెటప్పుడు నాతోటి అన్నడు. జపాన్ల లైను పక్క పొంటి తాడు ఉంటదంట. ఎవనికి అనుమానమొచ్చినా గుంజుతడు, లైనంత ఆగుతది. తిట్టరంట, నవ్వరంట. ఊకె గుంజినా సరే."

ఎందుకు గుంజావని అడగరా అని నర్సింహులు అడగబోయి ఆగిపోయాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు చిన్నప్పుడే తెలుసు.

వర్లిలో ఏదో పెద్ద కట్టడం లేస్తున్న రోజులు. అమ్మ గమేలా వరసలో నిలబడితే తను కింద ఇసుకకుప్ప మీద ఆడుకునేవాడు. ఒక మధ్యాహ్నం అమ్మ థాంబ్ అని అరిచింది. వరసంతా ఆగింది. లచ్చయ్య ముకాదం పైదాకా ఎక్కి తాళ్ళన్నీ పట్టి చూశాడు. ఏమీ లేదు, ఎండకు అమ్మకు కళ్ళు తిరిగి పరంజా కదిలినట్టనిపించిందంతే. ముకాదం మహా నోటిదురుసు మనిషి, కూలి కోయడానికి సాకు వెతికేవాడు. అలాంటివాడు కూడా అమ్మను పల్లెత్తు మాట అనలేదు. చల్ అన్నాడు, వరస కదిలింది. దొరల షెడ్డులో నేర్చిన పాఠాన్ని ముప్పై ఏళ్ళు నెత్తిన పెట్టుకున్నవాడు తల్లి రెక్కల కష్టంలో ఉన్న పాఠాన్ని మాత్రం మరిచిపోయి, దాన్ని గుర్తుచేసిన ఆడమనిషిని నలుగురిలో నవ్వులపాలు చేశాడు. నర్సింహులు కిటికీ వైపు ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఖోపోలీ వచ్చింది, ఘాటు మొదలైంది. శింగ్రోబా గుడి దగ్గర డ్రైవర్లు చిల్లర వేసి దండం పెట్టుకోనిదే కదలరు. సేటు కారు ఆపకుండానే చెయ్యెత్తి మొక్కాడు. ఇప్పుడిక ఎదురుగా దిగే ప్రతి బండినీ చూడాలి. వాన జల్లులోంచి లారీ వస్తోంది, సర్కారు ఎస్టీ బస్సు వస్తోంది, మళ్ళీ లారీ. మలుపు తిరిగినప్పుడల్లా నర్సింహులు అద్దానికి ముఖం ఆనించి చూసేవాడు. పాలపిట్ట రంగు కనపడితే ఏం చేయాలో కూడా ఆయనకు తెలియదు. కిందికి దూకుతున్న బండిని ఎదురు వెళ్ళి ఆపేదెలా. కనపడకపోతే ఇంకా బయలుదేరలేదని సంతోషించాలో, లోయలో చూడాలో అర్థం కాలేదు.

ఒక మలుపులో లారీలు ఆగిపోయి ఉన్నాయి. డ్రైవర్లు దిగి పైకి చూస్తున్నారు. ఎవరో క్లీనరు, పైన బండికి యాక్సిడెంటయిందని హిందీలో అన్నాడు. నర్సింహులు తలుపు తీసుకుని వానలోకి దూకి, లారీల పక్కనుంచి ఎగువకు పరిగెత్తాడు. యాభై దాటిన ఒళ్ళు, ఊపిరి అందడం లేదు. చెప్పు ఒకటి ఊడిపోయింది, వెనక్కి చూడలేదు.

మలుపు తిరగగానే వ్యాగన్ కనిపించింది. కొండవైపు రోడ్డు మరమ్మతుకని పోసిన కంకరకుప్పలో ముక్కు దూర్చి, వెనక రెక్కలు పైకి లేపుకుని నిలబడి ఉంది. ఇంకాస్త ముందుకు పోతే నిటారు దిగుడు. జనమంతా కొండగోడకు ఆనుకుని కూర్చున్నారు. నుదురు చిట్లినవాళ్ళు, పెదవి పగిలినవాళ్ళు, ఏడుస్తున్న ఒకరిద్దరు. ఆయన ఒక్కో ముఖం చూసుకుంటూ పోయాడు. చివర గంగవ్వ రాయి మీద కూర్చుని ఉంది. కుడి మణికట్టుకు ఎవరిదో తువ్వాలు చుట్టి ఉంది. చెయ్యి చూడకూడని తీరుగా వంకరపోయింది. మనిషి మాత్రం ఉంది. నర్సింహులు ఆమె ముందు అలాగే కూలబడిపోయాడు.

సైదులు జరిగింది చెప్పాడు. పై మలుపులో పెడలు కొంచెం లోతుకు దిగింది. మళ్ళీ తొక్కితే పట్టింది. సరేలే, పట్టిందిగా అని ముందుకు పోబోయాడు. వెనక సీట్లోంచి అవ్వ థాంబ్ అని అరిచింది. ఎందుకని అడగలేదు. చేతి బ్రేకు లాగి, కంకరలోకి తిప్పేశాడు. ఆ తర్వాత తొక్కి చూస్తే పెడలు అసలు పైకే రాలేదు.

"నీకెట్ల తెల్సిందమ్మా?" నర్సింహులు అడిగాడు.

"నాకేం తెల్సు బిడ్డా. వాని భుజం జర అదిరింది. ఏమో అనుకున్న, అన్న."

"మరి ఏం గాకపోతె?"

గంగవ్వ కొడుకును వింతగా చూసింది. ఇంత వయసొచ్చాక కూడా అడగాల్సిన మాటేనా అన్నట్టు. "ఏం గాకపోతె మంచిదే గదరా. మల్ల చల్ అంటుంటిమి, పోతుంటిమి."

నర్సింహులు ఆమె ఒళ్ళో తల పెట్టి, సిలిండర్ల సంగతి, రాజవ్వ సంగతి అంతా చెప్పేశాడు. గంగవ్వ చెయ్యి నొప్పికి పళ్ళు బిగించుకుంది. చివరికి, "థాంబ్ అన్నదాన్ని నవ్వినవా?" అని ఒక్కటే అడిగింది. తిట్టి ఉంటే ఆయనకు ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

ఆమెను చిన్న కారులో వెనక పడుకోబెట్టి ఖోపోలీలో కట్టు కట్టించి తీసుకొచ్చారు. మర్నాడు నర్సింహులు గ్రాంట్ రోడ్‌లో దుకాణం దుకాణం తిరిగాడు. తప్పు మాదేనని ప్రతి గడప దగ్గరా తలవంచి చెప్పి, అమ్ముడుపోని సరుకంతా గోనెల్లో వెనక్కి తెచ్చాడు. అమ్ముడుపోయినవాటి కోసం టాక్సీ అడ్డాలన్నీ కాలినడకన వెతికాడు. లేతు మీద కొత్త పనిముట్టు పెట్టించాడు. అన్నీ అయ్యాక బల్ల దగ్గర నిలబడి, ఇవాళ్టి నుంచి ఎవరికి ఏ అనుమానం వచ్చినా థాంబ్ అనాలని గట్టిగా ప్రకటించాడు.

ఎవరూ అనలేదు.

ఆ రోజు అనలేదు, మర్నాడూ అనలేదు. తలలు వంచుకుని పని చేస్తున్నారు, బల్ల ఎప్పటిలాగే ఆగకుండా సాగుతోంది. ఒకప్పుడు గర్వంగా విన్న ఆ చప్పుడు వింటుంటే నర్సింహులుకు ఇప్పుడు భయం వేసేది. థాంబవ్వ అన్న పేరు ఎవరి నోటా రావడం లేదు. చాయ్‌వాలా కూడా మానేశాడు. కానీ రాజవ్వ చూపు చేతుల మీంచి లేవడం లేదు. ఒక్క రోజు నవ్వుతో పోగొట్టింది ఒక్క మాటతో తిరిగి రాదని ఆయనకు అర్థమైంది. దసరా వెళ్ళింది, దీపావళి దగ్గరకొచ్చింది. ఆయన రోజూ బల్ల వెనక అటూ ఇటూ తిరుగుతూ ఎదురుచూసేవాడు. ఒక్కోసారి తనే సిగ్గు విడిచి, ఒక్కసారి ఆపమ్మా అని బతిమాలాలనిపించేది.

ఒక పొద్దున రాజవ్వ చెయ్యి సగం లేచి మళ్ళీ దిగింది. నర్సింహులు చూశాడు, చూడనట్టే పక్కకు తిరిగాడు. ఆమె గొట్టంలో బొటనవేలు పెట్టి ఇంకోసారి తిప్పింది. తర్వాత ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా, "థాంబ్" అంది.

వినపడింది. చేతులన్నీ ఆగిపోయాయి. లేతు ఆగింది. అందరూ చూసింది రాజవ్వను కాదు, నర్సింహులు ముఖాన్ని.

ఆయన వచ్చి గొట్టం అందుకున్నాడు. కప్పు తీశాడు, వెలుగుకు పెట్టి అంచంతా తిప్పి చూశాడు. గొట్టం లోపల వేలితో రెండు వైపులా తడిమాడు. నున్నగా ఉంది. ముల్లు లేదు, గీత లేదు, చీలిక లేదు. ఏమీ లేదు. బల్ల చివర ఎవరిదో పెదవి నవ్వుకు వంకర తిరగబోయింది. రాజవ్వ కొంగు అంచు వేళ్ళకు చుట్టుకుంటోంది.

నర్సింహులు కప్పును మళ్ళీ పిస్టన్ మీద పెట్టి, గొట్టాన్ని రెండు చేతులతో ఆమెకు తిరిగి ఇచ్చాడు.

"మంచిగ ఆపినవ్ బిడ్డా," అన్నాడు. ఆ తర్వాత బల్ల వైపు తిరిగి, ఒకప్పుడు వర్లిలో తన తల్లి విన్న మాటే అన్నాడు. "చల్."

బల్ల కదిలింది. ఇంకా చాయ్ రాకముందే బల్ల చివరి నుంచి బుచ్చన్న చెయ్యెత్తి, జీవితంలో మొదటిసారి, థాంబ్ అన్నాడు. నర్సింహులు అప్పటికే అటు నడుస్తున్నాడు.